మా తాత జీపు, నా కాపలా

జహీరాబాద్‌లో బండి కంటికి కనబడకముందే, చప్పుడును బట్టి అది ఎవరిదో చెప్పగలిగిన కాలం ఒకటి ఉండేది. రోడ్ల మీద ఇన్ని బండ్లు లేవు, మనుషులకు ఇంత తొందరా లేదు. మా జీపు రైల్వే గేటు దగ్గర మలుపు తిరుగుతుండగానే చాయ్ హోటలాయన "పటేల్ వస్తున్నడు" అని ఒక గ్లాసు ప్రత్యేకంగా కడిగి పెట్టేవాడు. ఆ చప్పుడు వింటే నా నడుము దానంతటదే నిటారుగా అయ్యేది. ఇప్పటికీ అవుతుంది, డాక్టరు వద్దంటున్నా.

మా వంశం గురించి నా నోటితో నేను చెప్పుకోవడం మర్యాద కాదు, కాబట్టి క్లుప్తంగా చెబుతాను. న్యాల్‌కల్ దిక్కు మూడు ఊళ్లకు మా ముత్తాత పటేలు. ఆయన గుర్రం మీద తిరిగాడు. మా తాత మిలిటరీ వేలంలో కొన్న ఈ జీపు మీద తిరిగాడు. మా నాన్న, బతికిన నాలుగు రోజులూ, తాత పేరు మీద తిరిగాడు. నా వంతు వచ్చేసరికి చిరాగ్‌పల్లి దగ్గర రెండెకరాల చేను, ఆ జీపు, గోడ మీద తాత ఫోటో మిగిలాయి. (మిగతా భూములు అమ్ముకున్నామని మా ఇంట్లో ఎవరూ అనరు. "పోయినయ్" అంటారు, అవే లేచి చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయినట్టు.) కనుక జీపు అంటే మాకు బండి కాదు. అది కూడా పోతే, ఇక మమ్మల్ని పటేలు అనడానికి జహీరాబాద్‌లో ఎవరికీ ఏ ఆధారమూ ఉండదు. ఈ సంగతి నాకు తెలుసు, మా అవ్వకు తెలుసు, ఊరికి కూడా తెలుసేమోనని నాకు అనుమానం.

అవ్వ అంటే మా నాన్నను కన్న తల్లి. అప్పటికి ఎనభై దగ్గర పడింది. చేతిలో వెదురు కర్ర, నోట్లో ఆకువక్క, మాటలో తాతగారి పెత్తనం. ఇంట్లో మేమిద్దరమే. నేను డిగ్రీ అయిపోయి ఒక ప్రైవేటు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరాను. వారంలో మూడు రోజులు జీపు మీద వెళ్లేవాణ్ణి. మిగతా మూడు రోజులు నడిచేవాణ్ణి. ఎవరైనా అడిగితే "ఆరోగ్యానికి" అని చెప్పేవాణ్ణి. నెల చివరి వారం నా ఆరోగ్యం మీద నాకు శ్రద్ధ మరీ ఎక్కువగా ఉండేది.

ఆ ఏడు చలికాలంలో పాత జీపులు మాయం కావడం మొదలైంది. రాయికోడ్‌లో ఒక రైతు వాకిట్లోంచి ఒకటి పోయింది. పది రోజులకే న్యాల్‌కల్ దగ్గర చెరుకు తోట పక్కన నిలిపిన ఇంకొకటి పోయింది. రెండూ పాతవే, రెండూ నాలుగు చక్రాలూ లాగే రకం. కొత్త కొత్త కార్లు పక్కనే నిలబడి ఉండగా వాటిని ముట్టుకోకుండా ఈ ముసలి బండ్లను ఎందుకు ఎత్తుకుపోతున్నారో నాకు అర్థం కాలేదు. పోయి మా మెకానిక్ ఉస్తాద్‌ను అడిగాను.

ఉస్తాద్ షెడ్డు బీదర్ రోడ్డులో ఉండేది. మా తాత కాలం నుంచీ ఆ జీపుకు డాక్టరు ఆయనే. గుబురు మీసం, ఎప్పుడూ నూనె మరకల బనీను, ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని భార్యతో చర్చికి వెళ్లేవాడు. ఆయన బీడీ ఆర్పి నాకు ఓపికగా వివరించాడు.

"చూడు చిన్న పటేలా. కొత్త బండికి దాని తాళంచెయ్యి దానికే ఉంటది. నీ జీపుకు ఏమున్నది? స్క్రూలు తిప్పే పేచ్‌కస్ పెట్టి తిప్పినా తిరుగుతది. స్టీరింగుకు లాకు లేదు, తలుపులకు తాళం లేదు. అసలు తలుపులే లేవు."

"అయితే మాత్రం? ఎక్కడికి తీసుకుపోయినా గుర్తుపడతారు కదా."

"ఎట్ల గుర్తుపడ్తరు? గంటల ఇప్పేస్తరు. ఇంజను ఒక దిక్కు, గేరుబాక్సు ఒక దిక్కు, ముందటి యాక్సిలు ఇంకో దిక్కు. సామాను యాడ దొరుకుతలేదు, అందుకే గిరాకి ఉన్నది. నీ తాత జీపు పది జీపులల్ల కలిసిపోతది."

ఆయన అంత బాగా, అంత వివరంగా చెప్పేసరికి నాకు ఆ క్షణం నుంచే ఆయన మీద అనుమానం పుట్టింది. గంటలో విప్పుతారని ఈయనకెలా తెలుసు? గిరాకీ ఉందని ఎవరు చెప్పారు? అంతకు ముందు ఆయన జీపు వైపు చూస్తే ముచ్చటపడుతున్నాడని అనుకునేవాణ్ణి. ఇప్పుడు కొలతలు తీసుకుంటున్నట్టు కనిపించసాగింది. ఆదివారం షెడ్డు మూసి ఎక్కడికి పోతాడన్నది కూడా ఆలోచించాను. (చర్చికని తెలుసు. ప్రార్థన అయిపోయాక ఎక్కడికి అన్నది నా ప్రశ్న.)

ఇక కాపలా మొదలుపెట్టాను. స్టీరింగు చక్రానికీ క్లచ్ పెడలుకూ కలిపి ఎద్దుల గొలుసు చుట్టి, అరచేతంత తాళం వేశాను. ముక్కును గోడకు ఆనించి, ముందు చక్రాలు పక్కకు తిప్పి నిలిపేవాణ్ణి, లాక్కుపోవాలన్నా తేలిగ్గా కదలకుండా. ఛాసిస్ నంబరును అద్దం మూలన, సీటు చట్రం కింద, టూల్‌బాక్సు లోపల సుత్తీ మేకులతో చెక్కాను. అద్దం మూలన చెక్కుతుండగా అద్దం పగిలింది, అది వేరే సంగతి. వీటన్నిటికంటే గొప్ప ఉపాయం రోటర్. ఇంజను పక్కన నల్లటి మూత ఒకటి ఉంటుంది, దాని కింద బొటనవేలంత ముక్క. నిప్పురవ్వను ఏ ప్లగ్గుకు పంపాలో చూసేది అదే. అది తీసి జేబులో వేసుకుంటే ఎంతటి మొనగాడు తాళం తిప్పినా ఇంజను మూలుగుతుందే కానీ లేవదు. బండి బడి దగ్గర నిలిపినా, ఇంటి దగ్గర నిలిపినా మూత తీసి, రోటర్‌ను రుమాలులో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకునేవాణ్ణి. నా చొక్కాలన్నిటి మీదా గుండె దగ్గర ఒక నల్ల మచ్చ ఉండేది. బడిలో పిల్లలు అది నా సిరాపెన్ను మహిమ అనుకునేవారు.

ఇంత చేసినవాడు నోరు మూసుకుని ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు. నిజం చెప్పాలంటే, పోయిన భూములను చూపించలేం కదా, చూపించడానికి నా దగ్గర ఉన్నది ఈ ఏర్పాట్లే. ఎవరైనా "పటేలా, జీపు జాగ్రత్తనా?" అని అడిగితే చాలు, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి గొలుసు చూపించి, తాళం ఊపి, బానెటు ఎత్తి, "ఇదిగో రోటర్" అని జేబులోంచి తీసేవాణ్ణి. పాలాయనకు చూపించాను. పోస్టుమాన్‌కు చూపించాను. మా హెడ్‌మాస్టరుకు చూపిస్తే ఆయన "చాలా తెలివి" అన్నాడు. ఆ రాత్రి భోజనంలో అవ్వకు ఆ మాట రెండుసార్లు చెప్పాను.

అవ్వ ఆకు నములుతూ, "ఇంకెవలన్న మిగిలిన్రా, చూపియ్యనికి?" అంది.

అదే సమయంలో అవ్వకు ఒక కొత్త అలవాటు పట్టుకుంది. పొద్దుటే ఒకసారి, దీపాలు పెట్టేవేళ ఒకసారి, కర్ర పట్టుకుని జీపు దగ్గరకు వచ్చి, తను కూర్చునే ముందు సీటు కిందికి కర్ర పోనిచ్చి పొడిచేది. "ఏందవ్వా?" అంటే "బల్లి" అనేది. జీపెక్కినా, దిగినా అదే పని. పెద్దతనం అనుకున్నాను. ఆమె ముందు మాత్రం ఏమీ అనలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ల చాదస్తాన్ని గౌరవంగా భరించడం ఆచారం. నన్ను ఇప్పుడు నా పిల్లలు అలాగే భరిస్తున్నారు.

మరోవైపు జీపు నన్ను మోసం చేయడం మొదలుపెట్టింది. ఒకరోజు బడిలో పరీక్షలున్నాయని, అవ్వ ఇంకా పూజలో ఉండగానే బయలుదేరాను. అర కిలోమీటరు వెళ్లానో లేదో, జీపు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ట్యాంకులో పెట్రోలు ఉంది, రోటర్ పెట్టాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి ఉస్తాద్‌కు కబురు పంపాను. సైకిలు మీద వచ్చాడు. బానెటు కూడా ఎత్తలేదు. సీటు వైపు వంగి ఏదో చేసి, "ఇగ కొట్టు సెల్ఫు" అన్నాడు. రెండు మూడుసార్లు గింజుకుని స్టార్టయింది.

"ఏం చేసినవ్ ఉస్తాద్?"

"ఏం లేదు పటేలా. నిద్రల ఉన్నది, లేపిన."

పైసలు ఇవ్వబోతే వద్దన్నాడు. వారం తర్వాత మళ్లీ అదే జరిగింది, అదే వేళ, దాదాపు అదే చోట. మళ్లీ వంగాడు, మళ్లీ లేపాడు, మళ్లీ పైసలు వద్దన్నాడు. ఇక నా అనుమానం అనుమానంగా ఉండడం మానేసి నమ్మకమైంది. పని చేసి పైసలు వద్దనే మెకానిక్‌ను మీరెక్కడైనా చూశారా? బండి రోడ్డు మీద ఆగేలా ఏదో మందు పెట్టాడు, ఏదో ఒక రోజు నిర్మానుష్యమైన చోట ఆగుతుంది, అక్కడ వీడి మనుషులు కాచుకుని ఉంటారు. నా బుర్రలో మొత్తం ముఠా తయారైపోయింది. అందులో ఎవరెవరు ఏ పని చేస్తారో కూడా పంచి పెట్టేశాను. ఉస్తాద్ వాళ్ల నాయకుడు.

అలాంటి రోజుల్లోనే అత్తరు సారు మా జీవితంలోకి వచ్చాడు. పేరు ఏదో చెప్పాడు గానీ అది అబద్ధమని తర్వాత తేలింది కనుక ఇలాగే పిలుస్తాను. తెల్లని చొక్కా, నిగనిగలాడే బూట్లు, దగ్గరికి వస్తే మల్లెపూల అత్తరు వాసన. బడి వదిలిన వేళ జీపు పక్కన నిలబడి చేతులు కట్టుకుని దాన్ని చూస్తున్నాడు. చేతులు కట్టుకుని! ఎన్నేళ్లయింది మా జీపు ముందు ఒక మనిషి చేతులు కట్టుకుని నిలబడి!

"ఇది పటేల్ సాబ్‌ది కదూ? చిన్నప్పుడు మా నాయన చెప్తుండె. ఆయన జీపు వస్తుంటే బజారు లేచి నిలబడేదట."

నిజానికి మా తాత కాలంలో అక్కడ బజారే లేదు. అయినా నాకు అది గుర్తు రాలేదు. చాయ్ తాగించాను. ఈ పూర్వకాలపు జీపులంటే తనకు ప్రాణమని, హైదరాబాద్‌లో ఒక పెద్దమనిషికి ఇలాంటివి మూడున్నాయని, వాటిలో ఒకదాన్ని మొన్ననే దొంగలు ఎత్తుకుపోయారని, పాపం ఆయన ఏ జాగ్రత్తా తీసుకోలేదని చెప్పి నిట్టూర్చాడు.

"మీరు ఏమన్న బందోబస్తు చేసిన్రా పటేల్ సాబ్?"

ఆ ప్రశ్న కోసమే పుట్టినవాణ్ణి నేను. గొలుసు చూపించాను. నంబర్లు ఎక్కడెక్కడ చెక్కానో చూపించాను. బానెటు ఎత్తి, రుమాలు విప్పి, రోటర్‌ను ఆయన అరచేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి, కంటి దగ్గర పెట్టుకుని, "వాహ్! పెద్దింటి బుర్ర పెద్దింటి బుర్రే" అన్నాడు. నా నడుము ఎంత నిటారుగా అయిందంటే, కాసేపు వంగి బానెటు మూయలేకపోయాను. ఆ సంతోషంలో, మూడు రోజుల్లో ఎల్లమాస ఉందని, మా చేనుకు భోజనానికి రమ్మని పిలిచాను.

ఎల్లమాస మా దిక్కు పండుగ. కర్ణాటక సరిహద్దు ఊళ్లన్నీ ఆ అమావాస్య రోజు చేలల్లోనే ఉంటాయి. చొప్పతో చిన్న గుడిసె కట్టి, అందులో రాళ్లు పెట్టి పూజ చేసి, అంబలి చల్లుకుంటూ చేను చుట్టూ తిరుగుతారు. తర్వాత జొన్న రొట్టెలు, రకరకాల కూరగాయలూ గింజలూ కలిపి వండిన బజ్జి. ఆ రోజు చేను గట్టు మీదుగా నడిచిపోయే ఏ మనిషినైనా పిలిచి కూర్చోబెట్టి పెట్టాల్సిందే. ఎవరని అడగకూడదు. మా అవ్వకైతే ఆ రోజు ఏడాదికొక్కటి. జీపులో ముందు సీటులో నిటారుగా కూర్చుని, దారిలో ప్రతి చేను దగ్గరా ఆగి, "బాగున్నరా అమ్మా" అనిపించుకుంటూ మా రెండెకరాలకు చేరేది. నడవలేదు కనుక జీపు లేకపోతే ఆమెకు ఎల్లమాస లేదు.

ఆ రోజు మా చేనుకు అవ్వ పిలుపు మీద ఉస్తాద్ కూడా వచ్చాడు. నాకు ఇష్టం లేదు. "ఆయననెందుకు పిలిచినవ్?" అని గొణిగితే, "మీ తాత కాలం నుంచి వస్తున్నడు. నిన్ను ఎవలు పిలిచిన్రు?" అంది అవ్వ. జీపును దారి పక్కన నిలిపాను. అవ్వ దిగి, అలవాటుగా సీటు కిందికి కర్ర పోనిచ్చి బల్లిని పొడిచింది. నేను రోటర్ తీసి జేబులో వేసుకున్నాను. గొలుసు చుడుతుండగా వెనక నుంచి మల్లెపూల వాసన వచ్చింది.

"పటేల్ సాబ్, ఈడ కూడ గొలుసేంది?" అన్నాడు అత్తరు సారు నొచ్చుకుంటూ. "మీ చేను, మీ మనుషులు, పండుగ పూట. నలుగురు చూస్తే ఏమనుకుంటరు? పటేల్‌కు ఊరి మీద నమ్మకం లేదంటరు."

నిజమే అనిపించింది. మా తాత ఏనాడైనా దేనికైనా గొలుసు వేశాడా? గొలుసు తీసి సీటు వెనక్కి విసిరేశాను, నలుగురికీ వినబడేంత చప్పుడుతో.

అత్తరు సారు మాతో పాటు చాప మీద కూర్చుని తిన్నాడు. రెండో రొట్టె అడిగి పెట్టించుకున్నాడు. బజ్జి ఎలా చేస్తారని అవ్వను అడిగి, "మా అమ్మ చేతి వంట యాదికొస్తున్నది" అని కళ్లు కూడా ఒత్తుకున్నాడు. నేను ఒక కంటితో ఆయనను ముచ్చటగా, రెండో కంటితో ఉస్తాద్‌ను అనుమానంగా చూస్తున్నాను. ఉస్తాద్ మాత్రం ఒక కంటితో బజ్జిని, రెండో కంటితో అత్తరు సారు బూట్లను చూస్తున్నాడు. కాసేపటికి అత్తరు సారు "చెయ్యి కడుక్కుని వస్త" అని బోరు వైపు నడిచాడు.

తర్వాత చప్పుడు వినబడింది. మా జీపు చప్పుడు.

పక్క చేలల్లో వాళ్లు తలెత్తారు. ఎవరో ఆడమనిషి, "పటేల్ పోతున్నడు, జర ఆపున్రి, రొట్టె తిని పొమ్మనున్రి" అని కేకేసింది. పటేలు ఎక్కడికీ పోలేదు. పటేలు చేతిలో రొట్టె ముక్కతో చాప మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి జేబు మీదికి పోయింది. రోటర్ ఉంది! రుమాలులో, గుండె దగ్గర, భద్రంగా ఉంది. రోటర్ ఇక్కడుండగా జీపు అక్కడెలా పోతోంది? చేను నుంచి హైవే రెండు కిలోమీటర్లు. ఒక్కసారి హైవే ఎక్కిందంటే ఇటు కర్ణాటక, అటు మహారాష్ట్ర. తర్వాత ఇంజను ఒక దిక్కు, గేరుబాక్సు ఒక దిక్కు.

ఇంకో రోటర్ ఎవరి దగ్గర ఉంటుంది? మెకానిక్ దగ్గర! ఆ ఒక్క ఆలోచనతో లేచి వెళ్లి, మా నాన్న వయసున్న ఉస్తాద్ చొక్కా గల్లా పట్టుకున్నాను.

"నువ్వే ఇచ్చినవ్! నువ్వూ వాడూ ఒక్కటే!"

ఉస్తాద్ కదల్లేదు. నమలడం కూడా ఆపలేదు.

"పటేలా, చేతుల రొట్టె ఉన్నది. తిన్నంక పట్టుకో."

"జీపు పోతుంటే రొట్టె తింటావా? ఎంత ధైర్యం నీకు?"

"మరేం జెయ్యాలె? వాడు ఉరికిచ్చుకపోతుండు. నా కాళ్లకు అంత సత్తువ లేదు."

"అవ్వా, చూడు! వీడు నవ్వుతున్నాడు!"

అవ్వ తమలపాకుకు సున్నం రాస్తోంది. తలెత్తలేదు. "గల్ల ఇడువురా. ఆయనకు ఇంకో రొట్టె పెట్టు."

"జీపు పోయిందవ్వా!"

"యాడికి పోతది? కాలువ మోరి దాక పోతది. ఊకో, ఇననియ్యి."

అందరం విన్నాం. చప్పుడు చింతచెట్ల మలుపు దాటింది. పల్లంలోకి దిగింది. దూరమైంది. నా గుండె దానితో పాటే పోతోంది. అప్పుడు జీపు దగ్గింది.

"ఒకటి," అన్నాడు ఉస్తాద్, వేళ్లు నాకుతూ.

ఇంకోసారి దగ్గింది.

"రెండు. అయిపాయె. పండుకున్నది."

ఆ దగ్గు నాకు తెలుసు. పరీక్షల రోజు బడి దారిలో విన్న దగ్గు అది. నా చెయ్యి ఉస్తాద్ గల్లా మీద ఉన్నది ఉన్నట్టే ఉంది, ఏం చేయాలో తెలియక.

"సీటు కింద చిన్న వాల్వు పెట్టిన పటేలా," అన్నాడాయన నెమ్మదిగా. "ట్యాంకు నుంచి పోయే పైపుకు. కర్రతోని తిప్పితే బందయితది. కార్బొరేటర్ల ఉన్న నాలుగు చుక్కలకు అర కిలోమీటరు పోతది, గంతే. స్టార్టయితది కాబట్టి దొంగ ఫికర్ జెయ్యడు, ఎక్కి ఉరికిస్తడు. నడిమిట్ల ఆగితె ఎందుకాగిందో సమజ్ గాదు."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

ఆయన అవ్వ వైపు చూశాడు. అవ్వ ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది.

"నీకు చెప్తె పాలాయనకు చూపిస్తవ్," అంది. "పోస్టుమాన్‌కు చూపిస్తవ్. గా అత్తరోనికి చూపియ్యకుంటవా? నేనే ఒద్దన్న."

పరుగెత్తాం. నేను, నా వెనక చుట్టుపక్కల చేలల నుంచి కర్రలు పట్టుకుని పది పదిహేను మంది. మోరీ పక్కన, హైవే మీద పోయే లారీలు కనబడేంత దూరంలో, జీపు నిలబడి ఉంది. బానెటు ఎత్తి ఉంది. పాపం లోపలేముందో వెతుకుతూ ఉండగా మా కేకలు విన్నట్టున్నాడు. ఒక నిగనిగలాడే బూటు రోడ్డు మీద, రెండోది చెరుకు తోట అంచున, మనిషి చెరుకులో ఎక్కడో. పెట్రోలు వాసన మీద మల్లెపూల వాసన. నల్లమూత తీసి చూస్తే లోపల కొత్త రోటర్, నా దానికంటే నిక్షేపంగా ఉంది. నేను అరచేతిలో పెట్టి చూపించినదాన్ని కంటితోనే కొలుచుకుని, అలాంటిదే కొనుక్కుని మా చేనుకు భోజనానికి వచ్చాడన్నమాట.

తర్వాత పోలీసులకు చెప్పాలి కదా. స్టేషన్లో రాసుకునే జమాదారు ఓపికమంతుడు. "బండి ఎవరి పేరు మీద ఉన్నది?" అన్నాడు. "మా తాత పేరు మీద" అన్నాను. "ఆయనను పిలవండి" అన్నాడు. "గోడ మీద ఉన్నాడు" అన్నాను. కలం దించి నన్ను కాసేపు చూశాడు. తాత పేరు తీసి నా పేరు రాయించడం మాకు అగౌరవం అనుకున్నాం మేం. బండి దొరక్కపోయుంటే ఆ కాగితంతో నా గతి ఏమయ్యేదో ఆయన వివరంగా చెబితే చలికాలంలో చెమట పట్టింది. ఆ నెలలోనే పేరు మార్పించాను. ఆ తర్వాత, "ఈ బందోబస్తు సంగతి ఎవరెవరికి తెలుసు?" అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. కాగితం ముందువైపు నిండింది. వెనక్కి తిప్పాడు. హెడ్‌మాస్టరు దగ్గరికి వచ్చేసరికి, "చాలు సార్, తెలియనోళ్లు ఎవరన్న ఉంటే వాళ్ల పేర్లు చెప్పండి, తొందరగా అయితది" అన్నాడు.

మిగిలింది ఉస్తాద్. మా వంశంలో తప్పయిందని చెప్పిన మనిషి లేడు. చెప్పవలసిన సందర్భాలు లేక కాదు. మూడు రోజులు ఆ షెడ్డు ముందు నుంచి నడిచిపోయాను, ఆరోగ్యానికి. నాలుగో రోజు లోపలికి వెళ్లి నిలబడ్డాను.

"బండిల ఏమన్న ఖరాబయిందా పటేలా?"

"లేదు."

"మరి?"

జేబులోంచి దొంగ వదిలిపోయిన రోటర్ తీసి ఆయన నూనె బల్ల మీద పెట్టాను. "ఇది నీ దగ్గర ఉండనియ్యి" అన్నాను.

ఆయన దాన్ని తీసి, ఊదీ, తుడిచీ, నన్ను చూశాడు. "దొంగ సొమ్ము తెచ్చి నా దగ్గర పెడుతున్నవా? రేపు మళ్ల గల్ల పట్టనికా?"

నేను నవ్వలేదు. నవ్వడానికి ప్రయత్నించాను గానీ కళ్లు ముందు పనిచేశాయి. ఉస్తాద్ లేచి, చెయ్యి బనీనుకు తుడుచుకుని, నా గల్లా పట్టుకున్నాడు. గట్టిగా కాదు. మడత సరిచేస్తున్నట్టు. "ఇగ బరాబర్ అయింది. చాయ్ తాగుదాం పా," అన్నాడు. ఆ చొక్కా మీద, గుండె దగ్గరి మచ్చకు తోడు, గల్లా మీద రెండు వేళ్ల నూనె మచ్చలు మిగిలాయి. ఉతికినా పోలేదు. ఉతకమని నేనూ పెద్దగా పట్టుబట్టలేదు.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఉస్తాద్ షెడ్డు ఇప్పుడు ఆయన అల్లుడు నడుపుతున్నాడు. ఉస్తాద్ ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కాలో కనబడతాడు, నన్ను చూస్తే గల్లా సర్దుకుంటాడు. జీపు ఇంకా ఉంది. మా అబ్బాయి దాంట్లో ఏదో చిన్న యంత్రం దాచాడు, బండి ఎక్కడున్నదీ ఫోనులో కనబడుతుందట. ఎక్కడ దాచాడో నాకు చెప్పలేదు. అడిగితే "బల్లి ఉంది నాన్నా" అన్నాడు. అవ్వ కర్ర తలుపు పక్కనే ఉంటుంది. రోజూ దీపాలు పెట్టేవేళ దాన్ని తీసుకుని నేనే వెళ్తాను.

పోయిన నెల ఎవరో కుర్రవాడు వచ్చి, జీపు చుట్టూ తిరిగి, "పటేల్ గారూ, ఇంత పాత బండి, ఏమైనా సెక్యూరిటీ పెట్టారా?" అని అడిగాడు. మంచివాడే అయి ఉంటాడు. నా నడుము నిటారుగా అయింది. ఛాతీ నిండింది. నోరు తెరిచాను. తలుపు పక్కన కర్ర కనబడింది. "ఏం లేదు బాబూ, దేవుడే దిక్కు" అన్నాను. అతను నన్ను జాలిగా చూసి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమంతా నా మీద నాకు ఎంతో గౌరవం కలిగింది. ఇరవై రెండేళ్ల ఆ కుర్రపటేలు ఇప్పటికి పెద్దవాడయ్యాడని అనుకున్నాను.

ఆ సంతోషంలో కూర్చుని ఇదంతా రాశాను. ఇప్పుడు మొదటి నుంచి చదువుకుంటుంటే, గొలుసు చెప్పాను, నంబర్లు చెప్పాను, రోటర్ చెప్పాను, వాల్వు చెప్పాను, అబ్బాయి యంత్రం కూడా చెప్పాను. మీరు నన్ను ఒక్కసారి పటేలా అని పిలవనైనా లేదు. ఒక్క ధైర్యం ఏమిటంటే, ఆ ఎల్లమాస తర్వాత అవ్వ, ఉస్తాద్ కలిసి ఆ వాల్వును వేరే చోటికి మార్చారు. అది ఎక్కడో ఇప్పుడు కర్రకూ, ఉస్తాద్‌కూ, నాకూ మాత్రమే తెలుసు. దయచేసి అడగకండి. మర్యాదగా అడిగితే చెప్పేస్తానేమోనని నా మీద నాకే అనుమానం.